అక్క కలిపిన ఎరుపు

నూట పద్నాలుగు వచ్చింది. ఆమె ఆ అంకె రాయలేదు. ప్లేటు అడుగున తను పెట్టిన సిరా గుర్తులన్నిటినీ స్పిరిట్ గుడ్డతో తుడిచేసి, దాన్ని మళ్లీ దీపం పెట్టె మీద బోర్లించి, ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఎడమ చేతిలో నొక్కితే టక్కుమనే లెక్కమీట, కుడి చేతిలో సన్నమొన పెన్ను. ఒక్కో చుక్కకీ ఒక్కో సిరా గుర్తు, ఒక్కో టక్కు. రెండోసారి నూట పదమూడు వచ్చింది. ఆ ఒక్కటీ ఎక్కడికి పోయిందో తేలేదాకా ఆమెకు కుర్చీలో కుదురుండదు. మూడోసారి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కు గాజుకు తగిలేటంత వంగి చూసింది. అంచు దగ్గర రెండు చుక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నూట పద్నాలుగే. అప్పుడు రాసింది.

ఇందుకే ల్యాబులో ఆమెకు ‘రెండోసారి మేడమ్’ అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరి నోటా వినపడదు. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని వెనకాల నవ్వుకునేవాళ్లు కూడా, తీరా అవసరం వచ్చేసరికి తమ ప్లేట్లు తెచ్చి ఆమె బల్ల మీదే పెడతారు. ఆమె అంకె రాసి, కింద పొట్టి సంతకం ఒకటి గీకిందంటే ఇక దానికి తిరుగులేదు.

గది రెండో అంతస్తులో, వసారా చివర. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక సింకు, గోడకానించి మనిషెత్తు వెచ్చటి అలమార. ఆ అలమార తలుపు తెరిచినప్పుడల్లా పులిసిన పిండి వాసనలాంటిది ఒకటి మొహానికి కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఇరవై ఒక్క ఏళ్లుగా పీలుస్తున్న ఆమెకు మాత్రం ఆ వాసనలో ఏ రోజు ఏం తేడా ఉందో కూడా తెలుస్తుంది. నలభై ఏడేళ్ల మనిషి, బక్కపలచన. రోజంతా వంగి వంగి వెన్ను పైభాగం కొంచెం గూనిగా తయారైంది. చూపుడువేలి పక్కన సిరా మచ్చ ఒకటి చర్మంలో కలిసిపోయి, పుట్టుమచ్చంత నమ్మకంగా కూర్చుంది.

చేసే పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. ఆ ప్లేట్లలో పెంచేవి అవిటి సూక్ష్మజీవులు. ఫలానా ఒక తిండి బయట నుంచి అందకపోతే బతకలేవు. ఆ తిండి లేని ప్లేటులో వాటిని పోసి, ఏ మందునో, ఏ మురుగునీటినో, ఏ రంగునో చిటికెడు కలిపి రెండు రోజులు వెచ్చగా ఉంచుతారు. వాటి పుట్టుకలోని రాతే మారిపోయిన ఏ కొన్నో తిరగబడి, ఆ తిండి తామే తయారుచేసుకుని, చుక్కలు చుక్కలుగా పైకి తేలతాయి. ఏమీ కలపని ప్లేటులో కూడా ఇరవయ్యో పాతికో చుక్కలు మామూలే. కలిపిన ప్లేటులో వందలు లేచాయా, ఆ రసాయనం పుట్టుక రాతను చెరిపే రకమన్నమాట. వాటి రాత చెరిపింది మన రాత మాత్రం ఎందుకు వదులుతుంది? పుండో గడ్డో ఎవరి ఒంట్లో ఎప్పుడు లేస్తుందో ఆ చుక్కలు చెప్పవు. జాగ్రత్త అని మాత్రం చెబుతాయి. ఆ మాట విని విని ఆమె మొత్తంగా జాగ్రత్త మనిషైపోయింది.

పాల గిన్నె మూత తీస్తే ముందు వాసన చూస్తుంది. బీగం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూస్తుంది. ఇంట్లో పగిలిన ప్లాస్టిక్ మగ్గు కనపడితే చెత్తబుట్టలోకి వెళ్లాల్సిందే. రొట్టె మాడితే మాడిన అంచు చుట్టూ కత్తితో గీసి పారేస్తుంది. పక్కవాటాలో వాళ్లు గోడకు కొత్తగా సున్నం వేయించుకుంటే, ఏం కలిపారో కనుక్కునేదాకా మూడు రోజులు తన కిటికీలు తెరవలేదు. ఇదంతా చూసి అక్క ఆమెకు ‘పోలీసు’ అని పేరు పెట్టింది. "మా పోలీసు వాసన చూడనిదే నేను మంచినీళ్లు కూడా తాగను" అని రంగు వేయించుకోవడానికి వచ్చేవాళ్లతో చెప్పి కడుపుబ్బా నవ్వేది.

అక్క ఆరేళ్లు పెద్దది. మేడమీద రెండు గదుల్లో ఇద్దరూ ఉంటారు. కింద అక్క పనిచోటు. మూడు పెద్ద కాగులు, నీళ్ల తొట్టి, ఆరబెట్టే తీగలు. దర్జీలు తానులు తెచ్చి పడేసి, ఒక మూరెడు గుడ్డముక్క చూపించి, అచ్చం ఇదే రంగు కావాలంటారు. అక్క ఆ ముక్క కొస తడిపి, వెలుతురులో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, ఏ పొడి ఎంతో కొలత లేకుండా కలిపేస్తుంది. తేడా వచ్చిన రోజు లేదు. అమ్మ పోయేసరికి చెల్లెలికి పదేళ్లు. అప్పటి నుంచి చదువు, బట్ట, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, అన్నీ ఆ కాగుల్లోంచే వచ్చాయి. అక్క పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, నా చేతులు చూసి ఎవడూ రాడులే అనేది. అందరూ నవ్వేవాళ్లు. మణికట్ల దాకా ఎరుపు అంటుకుని ఉండే చేతులవి.

పొద్దున ఏడు గంటలకు అలమార తెరిచినప్పుడు రెండోసారి మేడమ్ కింది అర వైపు చూడలేదు. అక్కడ వెనగ్గా, మిగతావాటి చాటున, తొమ్మిది ప్లేట్లు మూడు దొంతులుగా ఉన్నాయి. వాటి మీద సంఖ్య లేదు, తేదీ లేదు. అడుగున చిన్న అడ్డగీత ఒకటి, దాని మీద నిలువుగీత ఒకటి. అవి ఎవరివో ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆమె ల్యాబు సొత్తు సొంతానికి వాడుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి చేసిన పని వల్లనే ఈ రెండోది అవసరపడింది.

ఆఫీసు లెక్కలు పూర్తయ్యాకే వాటిని తీయాలని ఒట్టుపెట్టుకుంది. అలా పెట్టుకోవడంలో నీతి ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియాలి.

తొమ్మిది రోజుల కిందట స్నానాలగదిలో, నేల పలకల మధ్య సందులో, ఎర్రగా చిన్న చార కనిపించింది. ఇంకొకరి ఇంట్లో అయితే గుండె గుభేలుమనేది. ఈ ఇంట్లో ఎరుపు ఎక్కడ లేదు గనక? తలుపు గొళ్లేనికుంది, మెట్ల గోడకుంది, సబ్బుబిళ్లకుంది. అక్క వెనకే వచ్చి చెంబుతో నీళ్లు పోసేసింది. "రంగే, కాళ్లనుంచి కారింది" అంది. అడగకుండానే అంది. అక్కడ పడింది అనుమానం. మెట్లు దిగి పనికి పోతూ కాగుల్లోకి తొంగిచూసింది. మూడింట్లోనూ నీలమే. బడిపిల్లల దుస్తుల పని వచ్చి ఆ వారమంతా అక్క నీలం తప్ప ఇంకో రంగు ముట్టుకోలేదు. ఎర్ర పొడి డబ్బాలు పై అరలో, మూతల మీద దుమ్ముతో సహా కూర్చుని ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో నిజంగానే పోలీసైంది. అక్క రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తుందో పడుకునే లెక్కపెట్టింది. మంగళవారం మధ్యాహ్నం పని ఆపేసి ఎక్కడికెళ్లావంటే, పొడులవాడి దగ్గరికంది. పొడులవాడి దగ్గరికి వెళ్లిన మనిషి వట్టి చేతులతో ఎందుకొస్తుంది? పైగా చేతులు గోళ్ల సందులతో సహా తోముకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్లింది. చెల్లెలు నోరు మెదపలేదు. మెదిపితే అసలు మాట తను చెప్పాల్సి వస్తుంది.

అసలు మాట ఇది. ఆమె ల్యాబులో చేరిన మూడో నెలలో అక్క ఈ ఎర్ర పొడి కొత్తగా కొంది. పాత ఎరుపు రెండు ఉతుకులకే వెలిసిపోయేది. ఇది గుడ్డ చిరిగినా వదలదు. అక్క సంతోషంగా చేతులు చాచి చూపించి, "చూడవే, సబ్బుకు కూడా పోవడం లేదు. ఒంటికి ఏమీ కాదు కదా? మీ ఆఫీసులో చూసేది ఇలాంటివేగా, ఓసారి చూసి చెప్పు" అంది. చెల్లెలికి అది పెద్ద గౌరవంగా తోచింది. అన్నీ చేసిపెట్టిన అక్క మొట్టమొదటిసారి తనను ఒకటి అడిగింది మరి. చిటికెడు పొడి కాగితంలో మడిచి తీసుకెళ్లి, ఎవరూ చూడకుండా, మిగిలిపోయిన ప్లేట్లలో పెట్టింది.

కానీ సగమే పెట్టింది. ప్రతి రసాయనాన్నీ రెండు విధాలా చూడాలి. ఊరికే ఒకసారి, ఎలుక కాలేయం నుంచి తీసిన రసం కలిపి ఒకసారి. కొన్ని రసాయనాలు వాటంతట అవి పసిపాపలంత అమాయకంగా ఉంటాయి. ఒంట్లోకి వెళ్లి, కాలేయం వాటిని విరగ్గొట్టబోయాక పళ్లు బయటపెడతాయి. సూక్ష్మజీవికి కాలేయం లేదు కాబట్టి ఆ రసం పక్కన ఉంటే గానీ సంగతి బయటపడదు. ఇదంతా ఆమెకు మొదటి నెలలోనే నేర్పారు. కాలేయపు రసం మాత్రం చుక్క చుక్కకూ ల్యాబు పెద్దాయన సంతకం కావాలి. కొత్తగా చేరిన పిల్ల ఆయన దగ్గరికెళ్లి ఎలా అడుగుతుంది? సగం పరీక్షైనా పరీక్షేగా అనుకుంది. ప్లేట్లు శుభ్రంగా వచ్చాయి. పాతిక చుక్కలు, మామూలు లెక్క. ఇంటికెళ్లి, "ఏం లేదక్కా, నిశ్చింతగా వాడుకో" అంది.

ఆ తరవాత మిగతా సగం చేయడానికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు దొరికాయి. మొదటి ఏడాది చేద్దామనే అనుకుంది. రెండో ఏడాది, చేసినా ఇదే వస్తుందిలే అనుకుంది. ఆ తరవాత అనుకోవడమే మానేసింది. పాలను, బీగాన్ని, పక్కవాటా సున్నాన్ని, లోకంలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానించిన మనిషి తన నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటను మాత్రం అనుమానించలేదు. అనుమానించడానికి ధైర్యం లేకపోయింది అనడమే న్యాయం.

ఈసారి రసం కోసం ఎలుకలాయన దగ్గరికి వెళ్లింది. అడుగు అంతస్తులో ఎలుకల్ని చూసుకునే పెద్దమనిషి ఆయన. కాలేయపు రసం తయారుచేసి గడ్డకట్టించి దాచేది కూడా ఆయనే. మాట పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి కాసేపు నలిపింది.

"సంతకం కాగితం ఏదమ్మా?" అన్నాడాయన.

"కాగితం లేదు. ఆరు ప్లేట్లకు సరిపోతే చాలు."

ఆయన ఎలుకల డబ్బా మూత వేసి ఆమె వైపు తిరిగాడు. రెండోసారి మేడమ్ కాగితం లేకుండా ఒక పని చేయడమంటే ఆయన ఎలుకలు లేచి నిలబడి సలాం కొట్టడమే.

"ఇంట్లోవాళ్ల కోసమా?" అన్నాడు.

ఆమె అరచెయ్యి చాచింది. ఆయన ఇంకేమీ అడగకుండా, చిటికెనవేలంత గొట్టం ఒకటి మంచుడబ్బాలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "కరిగిపోకముందే వాడెయ్యి" అని, తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఇప్పుడు, రెండు రోజుల తరవాత, పదకొండు గంటలకు కొత్త అధికారి గదిలోకి వచ్చాడు. ముప్పై దాటని మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. మురుగునీటి లెక్కలు ఎంతవరకు వచ్చాయని అడిగాడు. రెండు వరసలు మిగిలాయని చెప్పింది. ఆయన వెళ్లకుండా అలమార తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"కింది అరలో మన పుస్తకంలో లేని ప్లేట్లేవో ఉన్నాయట మేడమ్."

ఉన్నాయట అన్నాడు. ఎవరు చెప్పి ఉంటారు? ఎలుకలాయనా? గాజుసామాను కడిగే మనిషా? లేక ఈయనే పొద్దుపోయాక వచ్చి అరలన్నీ తడుముతాడా?

"నావే సార్. పాత సూక్ష్మజీవుల కల్చరు బతికుందో లేదో చూద్దామని పెట్టాను."

"పుస్తకంలో రాయాల్సింది కదా?"

"రాస్తాను."

"రేపటికి అవి అక్కడ ఉండకుండా చూడండి" అని ఆయన వెళ్లిపోయాడు. ఆయన కళ్లలో అనుమానం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. ఆమె అది గమనించలేదు. అబద్ధం ఆడి అలవాటు లేక చెవులు వేడెక్కిపోయి కూర్చుంది.

ఒంటిగంటకు అందరూ భోజనాలకు దిగారు. వసారాలో అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా చూసి, గడియ పెట్టి, తొమ్మిది ప్లేట్లూ బల్ల మీదికి చేర్చింది.

మొదటి దొంతి, పొడి లేకుండా కాలేయపు రసం మాత్రమే కలిపినవి. ఇరవై ఆరు, ముప్పై, ఇరవై ఏడు. రసంలో దోషమేమీ లేదన్నమాట. రెండో దొంతి, పొడి ఉండి రసం లేనివి. ఇరవై మూడు, ఇరవై ఎనిమిది, పాతిక. ఇరవై ఒక్క ఏళ్ల కిందట చూసిన ప్లేట్లే ఎవరో దాచి తెచ్చి మళ్లీ పెట్టినట్టుంది. అప్పుడు ఈ అంకెలు చూసి ఎంత సంబరపడిందో, బస్సులో కూర్చోలేక ఎలా నిలబడే ఇంటికెళ్లిందో గుర్తొచ్చింది.

మూడో దొంతి పైప్లేటు తిప్పింది. లెక్కమీట ఎత్తాల్సిన పని లేకుండానే తెలిసిపోయింది. గుప్పెడు నువ్వులు ఒలకబోసినట్టుంది. అయినా ఆమె పెన్ను తీసుకుంది. కళ్లతో చూసి తీర్పు చెప్పడం ఆమె చేత కాదు. ప్లేటును నాలుగు భాగాలుగా గీసుకుని, ఒక్కో భాగమే లెక్కపెట్టింది. నాలుగు వందల పన్నెండు. తరవాతిది మూడు వందల తొంభై. ఆఖరిది నాలుగు వందల ముప్పై ఆరు.

గుర్తులు తుడిచి రెండోసారి లెక్కపెట్టింది. మూడోసారీ లెక్కపెట్టింది. జీవితంలో మొదటిసారి తన లెక్కలో తప్పు దొరకాలని ఆమె కోరుకుంది. ప్లేట్లు తారుమారై ఉంటాయేమో, పక్కదాంట్లోంచి ఏదైనా చింది ఉంటుందేమో, పొడి తీసిన చెంచా శుభ్రంగా లేదేమో. ఒక్కొక్కటే లాగి చూసింది. ఏదీ ఊడి రాలేదు. అంత జాగ్రత్తగా చేసినందుకు తన చేతుల మీద తనకే కోపం వచ్చింది.

తిండి డబ్బా తెరవలేదు. మధ్యాహ్నం మురుగునీటి వరసలు రెండూ పూర్తిచేసి, అంకెలు రాసి, పొట్టి సంతకం పెట్టింది. తన ప్లేట్లు తొమ్మిదీ ఆవిరిపెట్టెలో పెట్టి చంపేసింది. పుస్తకం తెరిచి, రాస్తానని ఒప్పుకున్నందుకు, ఒక వరస రాసింది. ‘బట్టల రంగు, ఎరుపు. కాలేయపు రసంతో హాని.’ ఎవరు తెచ్చిన నమూనా అన్నచోట ఖాళీ వదిలింది.

సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్నామె ఎర్రటి దుప్పటి ఒకటి ఒళ్లో పెట్టుకుంది. అది అక్క వేసిన రంగా కాదా అని ఆమె దిగేదాకా చూస్తూనే ఉంది.

అక్క మధ్యకాగు దగ్గర నిలబడి కర్రతో గుడ్డ తిప్పుతోంది. ఆవిరికి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చెల్లెలు సంచి దించకుండానే గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఆ కర్ర పక్కన పెట్టు."

"ఆగు. ఇది ఇప్పుడు తీయకపోతే మచ్చలు పడుతుంది."

గుడ్డ పైకి తీసి, పిండి, తీగ మీద వేసేదాకా చెల్లెలు ఆగింది. పిండుతున్నప్పుడు అక్క ఒక్క క్షణం పొత్తికడుపు పట్టుకుని, వెంటనే చెయ్యి తీసేసింది.

"ఆ ఎర్ర పొడి మంచిది కాదక్కా. అప్పుడు నేను చూసింది సగమే. మిగతా సగం ఇవాళ చూశాను."

అక్క చేతులు తుడుచుకుంటూనే ఉంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఎంతొచ్చింది?"

"నాలుగొందల పైన."

"ఎంతుండాలి?"

"ముప్పై దాటకూడదు."

"రెండోసారి చూశావా?"

"మూడుసార్లు చూశాను."

అక్క కాగు పక్కన పీటమీద కూర్చుంది. తిడుతుందని చెల్లెలు ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. అక్క కర్రను తిన్నగా గోడకానించి, అది జారకుండా ఉందో లేదో చూసింది.

"మంగళవారం నిజంగా ఎక్కడికెళ్లావు?" అని చెల్లెలే అడిగింది.

"తెలిసే అడుగుతున్నావుగా."

"నువ్వు చెప్పు."

"ఆసుపత్రికి. మూడు వారాలైంది. మూత్రం సంచిలో గడ్డ ఉందన్నారు. బాగా పెద్దదైపోయిందట. ఏం పని చేస్తావని అడిగాడు డాక్టరు. చెప్పాను. ఏ రంగులని అడిగాడు. చెప్పాను. ఇంక ఆయనేమీ మాట్లాడలేదు, రాసుకున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు లెక్కపెడతావు. ఏ రోజు ఏమన్నావో, ఏది చేయలేదో, ఒకటి, రెండు, మూడు అని. ఆ పిచ్చి నీకుంది. నేనున్నా పోయినా ఆ లెక్క నువ్వు ఆపవు." అక్క నవ్వబోయింది గానీ సగంలో ఆగిపోయింది. "అందుకని నీకు తెలియకుండా వెళ్లిపోదామనుకున్నాను. పోలీసుతో కాపురం, ఏం చేస్తాం, కుదరలేదు."

చెల్లెలు ఆ తడినేల మీదే కూలబడి ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. అప్పుడు ఏడవడానికి అక్క ఒళ్లుంది. ఇప్పుడు ఆ ఒళ్లోనే తల పెట్టుకుని, అక్కకే తను చేసిన పనికి ఏడవాల్సి వచ్చింది. అక్క ఎర్ర చెయ్యి ఆమె వీపు మీద అటూ ఇటూ నిమురుతూ ఉంది.

"ఒసే, నువ్వు వద్దన్నా నేను వాడేదాన్నే" అంది అక్క. "అంత గట్టి ఎరుపు ఇంకెక్కడ దొరుకుతుంది? నీ మాటదేముంది, చిన్నపిల్లవి. నేను విన్నానా పెట్టానా."

ఆ మాట అక్క మరి మూడునాలుగు సార్లు అంది. ఆపరేషనుకు తీసుకెళ్తున్నప్పుడు ఒకసారి అంది. జుట్టు రాలిపోయాక అద్దం ముందు ఒకసారి అంది. చెల్లెలు ప్రతిసారీ తల ఊపింది. లోపల మాత్రం అది నిజమో, తన కోసం కట్టిన మాటో తేల్చుకోలేక సతమతమైంది. అక్క అబద్ధం ఆడితే మొహంలో కనపడదు. ఏ రంగు పక్కన ఏ రంగు వేస్తే ఏది కనపడకుండా పోతుందో ఆవిడకు తెలుసు.

ఎర్ర పొడి డబ్బాలు నాలుగింటినీ చెల్లెలు మూతలు బిగించి ల్యాబుకు తీసుకెళ్లి, విషాల గదిలో అప్పజెప్పింది. ఈసారి పుస్తకంలో ఖాళీ వదలకుండా తన పేరు, ఇంటి చిరునామా రాసింది. కొత్త అధికారి అది చదివి, మర్నాడు పొడులవాడి దగ్గర నుంచి అదే సరుకు అధికారికంగా తెప్పించాడు. ఆమెను మాత్రం ఏమీ అనలేదు. అక్క చేతనైనన్నాళ్లు నీలం, పచ్చ, గోధుమరంగు వేసింది. ఎరుపు కావాలని వచ్చినవాళ్లతో, ఎరుపు మానేశామని చెప్పి పంపేది. ఎందుకని అడిగితే, మా పోలీసు పట్టుకుందని చెప్పేది.

ఎనిమిది నెలల తరవాత ఒక మధ్యాహ్నం, చెల్లెలు గ్లాసు కడిగి నీళ్లు పట్టి తెచ్చేలోపు అక్క పోయింది. ఆ సంగతి తేల్చుకోవడానికి చెల్లెలు రెండోసారి చూడలేదు.

పై వారం కాగులు కావాలని ఒకరు వచ్చారు. వాళ్లు వాటిని ఎత్తుతుంటే, అడ్డు రాకుండా ఆమె తలుపు వెనక వేలాడుతున్న అక్క పని అంగీ తీసి భుజాన వేసుకుంది. జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూసింది. ఆసుపత్రి కార్డు, రెండుగా మడిచింది. ఈ ఎనిమిది నెలలూ తన దగ్గరున్న కార్డు కాదు. తేదీ చూసింది, రెండోసారి చూసింది. అక్క చెప్పిన మూడు వారాలకు రెండేళ్ల ముందుది. మూత్రంలో మంట అని రాసి, మామూలు మాత్రలు రాసిచ్చి పంపేశారు. కింద, రోగి స్వయంగా నింపాల్సిన చోట ఒక ప్రశ్న అచ్చేసి ఉంది. పనిలో హాని చేసే రసాయనాలు ఏమైనా వాడతారా? దాని ఎదురుగా, అక్క గుండ్రటి అక్షరాలు. ‘లేవు. మా చెల్లెలు పరీక్ష చేసి చెప్పింది.’

కాగులవాళ్లు బండి ఎక్కించి వెళ్లిపోయారు. ఖాళీ గదిలో, వెలుతురు పడేచోట నిలబడి ఆమె ఆ కార్డు పట్టుకునే ఉంది. రాసేటప్పుడు కదలకుండా అదిమి పట్టుకున్న చోట, ఎడమ అంచున, ఎర్రటి బొటనవేలి ముద్ర ఒకటి ఏ గీతకు ఆ గీత స్పష్టంగా ఉంది.